ఇది ఎన్ని మార్కులకు, సార్?

గత నెల పదో తరగతి స్టడీ అవర్‌లో ఒక అబ్బాయి లేచి, "సార్, లేజర్ వెలుగు అంత క్రమంగా ఉంటుంది కదా, అందులో ఫోటాన్లు కూడా వరుసగా వస్తాయా?" అని అడిగాడు. మర్నాడు టెస్టు. "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. ఫిజిక్స్ చెప్పే నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. అందుకే తల్లిదండ్రులైన మీతో ఈ నాలుగు మాటలు.

వరుసగా రావు. రేకుల షెడ్డు మీద చినుకుల్లా పడతాయి. సగటున 100 రావలసిన చోట ఒకసారి 92, ఇంకోసారి 109 వస్తాయి. ఎంత మంచి లేజర్ అయినా, ఎన్ని అద్దాలు, లెన్సులు, ఫిల్టర్లు పెట్టినా ఈ తేడా పోదు.

దీన్ని మార్చాలంటే నాన్‌లీనియర్ స్ఫటికం కావాలి. అందులో 532 నానోమీటర్ల ఆకుపచ్చ ఫోటాన్ ఒకటి అప్పుడప్పుడు 1064 నానోమీటర్ల పరారుణ ఫోటాన్లు రెండుగా చీలుతుంది. అవి పుట్టడమే జంటగా పుడతాయి కాబట్టి చినుకుల లెక్క వాటికి వర్తించదు. ఈ జంటల వల్ల కాంతి తరంగం దశలోని అనిశ్చితిని తగ్గించవచ్చు. కాకపోతే దాని ఎత్తులో అనిశ్చితి పెరుగుతుంది. హైజెన్‌బర్గ్ ఏదీ ఊరికే ఇవ్వడు మరి! దీన్నే స్క్వీజ్డ్ లైట్ అంటారు.

గురుత్వ తరంగాలను పట్టే అమెరికాలోని రెండు లైగో కేంద్రాలు 2019 నుంచి తమ పరిశీలనల్లో దీన్ని వాడుతున్నాయి. దానివల్ల పసిగట్టగల సంఘటనలు ఒక కేంద్రంలో 40 శాతం, ఇంకోదానిలో 50 శాతం పెరుగుతాయని లెక్కగట్టారు. అలాంటి కేంద్రాన్నే మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో కట్టడానికి 2023లో కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. నిజామాబాద్ నుంచి నాందేడ్ దాటితే హింగోలి. రేపు అక్కడ పనిచేయగల వయసు పిల్లలు ఇప్పుడు మన బెంచీల మీదే ఉన్నారు.

పేరెంట్స్ మీటింగ్‌లో ఏది చెప్పినా "ఇది ఎన్ని మార్కులకు సార్?" అని మీరు అడుగుతారు. తప్పు పట్టను, ఆ అలవాటు చేసింది మేమే. కానీ వారానికి ఒక్క స్టడీ అవర్ టెస్టు పేపర్ లేకుండా పిల్లల ప్రశ్నలకే వదిలేయాలని నా అభిప్రాయం. మేనేజ్‌మెంట్‌ను నేను అడుగుతాను, మీరూ అడగండి. ఆ ఒక్క గంటతో ర్యాంకులు తారుమారవుతాయంటే నేను నమ్మను.

ఆ అబ్బాయిని మొన్న పిలిచి ఇదంతా చెప్పాను. వెంటనే, "మరి రెండో వైపు పెరిగింది ఎక్కడికి పోతుంది సార్?" అన్నాడు. అది లైగో అద్దాలను నెడుతుంది. దాన్ని సర్దడానికే అక్కడ 300 మీటర్ల పొడవున ఇంకో ఏర్పాటు చేయాల్సి వచ్చింది. అది మొదలుపెట్టేలోపే బెల్ కొట్టారు. సోమవారం చెబుతానన్నాను.