గరుసు నేలలలో గట్టి పొర: సిఫారసుకు ముందు గుంత తవ్వవలెను

నంద్యాల జిల్లా అనగానే కుందూ పరీవాహకంలోని లోతైన నల్లరేగడి నేలలు, వాటిలో పండే ప్రత్తి, శనగ, జొన్న పైర్లు గుర్తుకు వచ్చును. 1906లో నెలకొల్పబడిన నంద్యాల పరిశోధనా స్థానానికి పేరు తెచ్చిన పరిశోధనలలో అధిక భాగం ఈ నేలలకు సంబంధించినవే. అయితే పాములపాడు, ఆత్మకూరు, వెలుగోడు ప్రాంతాలలో మైదానం విడిచి నల్లమల వాలు వైపు సాగిన కొద్దీ నేల స్వభావం మారును. ఎరుపు రంగు, పై భాగాన పరచుకొన్న గులకరాళ్లు, జానెడు నుండి మూరెడు లోతులో గడ్డపారను నిలిపివేసే గట్టి పొర అక్కడ కనిపించును. రెవెన్యూ లెక్కలలో ఇటువంటి భూములు ఎక్కువగా బీడు, బంజరు అన్న పేర్లతో ఉన్నవి. గొర్రెల కాపరులకు మాత్రం ఇవి మేత భూములు.

ఈ గరుసు నేలలకు మనం ఇచ్చే సలహాలు లోతైన నేలల అనుభవం నుండి అరువు తెచ్చుకొన్నవని నా అభిప్రాయం. లోతు, గులక శాతం, గట్టి పొర రకం అన్న మూడు విషయాలను తెలుసుకొనకుండా ఎరువుల మోతాదును గాని, లోతు దుక్కిని గాని, మొక్కల పెంపకాన్ని గాని సిఫారసు చేయరాదు.

మొదట భూసార పరీక్షనే తీసుకొందము. 2015లో ప్రారంభమైన నేల ఆరోగ్య పత్రంలో పన్నెండు అంశాలు ఉన్నవి: ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. నేల లోతు గాని, గులక శాతం గాని వీటిలో లేవు. పైగా ప్రయోగశాలలో మట్టిని 2 మి.మీ. జల్లెడ పట్టి, పైన మిగిలిన గులకను పారవేస్తాము. జల్లెడ దిగిన మెత్తని మట్టిని పరీక్షించి, ఒక హెక్టారు పై పొర బరువు 22.4 లక్షల కిలోలన్న ప్రమాణంతో ఫలితాన్ని హెక్టారుకు కిలోలలో తెలియజేస్తాము. ఘనపరిమాణంలో 40 శాతం గులక ఉన్న నేలలో మెత్తని మట్టికి మిగిలే చోటు 60 శాతమే. కావున పత్రంపై 200 కిలోలని చూపిన పోషకం పొలంలో సుమారు 120 కిలోలే ఉండును. ఈ తేడా రైతుకు తెలియదు. సలహా ఇచ్చే మనకూ పత్రం చూచినంత మాత్రాన తెలియదు.

నీటి లెక్కలో ఈ లోపం మరింత తీవ్రం. ఉదాహరణకు మెత్తని ఎర్ర ఇసుక మట్టి మీటరు లోతుకు సుమారు 100 మి.మీ. లభ్య జలాన్ని పట్టి ఉంచునని అనుకొందము. గట్టి పొర 40 సెం.మీ. వద్ద ఉంటే 40 మి.మీ. నీరు నిలుచును. దానిలో 40 శాతం గులకను తీసివేస్తే మిగిలేది 24 మి.మీ. పైరు రోజుకు 4 నుండి 5 మి.మీ. వాడుకొనే ఖరీఫ్‌లో ఇది ఐదారు దినాలకే సరిపోవును. మీటరు లోతు నల్లరేగడిలో సుమారు 200 మి.మీ. వరకు నిలుచును. రెండు పొలాలపై ఒకే వాన కురిసినను, రెండు వారాల బెట్టకు ఒకటి తట్టుకొనును, మరొకటి ఎండిపోవును. వర్షపాతం దృష్ట్యా ఈ ప్రాంతం ఎడారి కాదు. వేరుకు అందే నీటి దృష్ట్యా గరుసు నేల ఎడారికి దగ్గరగా ఉన్నది.

ఇక గట్టి పొర విషయం. విస్తరణ సమావేశాలలో గట్టి పొర అన్న మాట రాగానే ఉలి నాగలి పేరు వచ్చును. కాని గట్టి పొరలన్నియు ఒకటి కావు. ఏటేటా ఒకే లోతులో దున్నుట వలన, ట్రాక్టరు బరువు వలన ఏర్పడిన పొర మొదటిది. పై నుండి దిగిన బంకమట్టి పేరుకొని, ఎండినప్పుడు రాయివలె బిగిసి తడిసినప్పుడు మెత్తబడే సహజమైన పొర రెండవది. సున్నం, ఇనుము లేక సిలికాతో అతుకుకొని సిమెంటువలె మారిన పొర గాని, నేరుగా మూల శిల గాని మూడవది.

ఉలి నాగలి మొదటి రకానికి తగిన మందు. నేల లోపల పొడిగా ఉన్నప్పుడు 40 సెం.మీ. లోతు వరకు నడిపితే పొర పగిలి, వాన నీరు దిగును. రెండవ రకంలో ఫలితం తాత్కాలికం. కొన్ని వానలకు నేల మరల బిగుసుకొనును. మూడవ రకంలో అది ఇంధనానికీ పనిముట్టుకూ నష్టమే. అంతేగాక అడుగున ఉన్న సున్నపు గడ్డలు పైకి వచ్చి, ఇనుము, జింకు లోపాలను పెంచవచ్చును.

వీటిని వేరు చేయుటకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. గుంత తవ్వి, గట్టి పొర నుండి ఒక గడ్డను తీసి, నీడన ఆరబెట్టి, రాత్రంతా నీటిలో ఉంచవలెను. విచ్చిపోతే అది అణగిన పొర గాని, బంకమట్టి పొర గాని అగును. విచ్చిపోకుంటే అతుకుకొన్న పొర లేక శిల. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసినప్పుడు నురుగు వస్తే సున్నం ఉన్నట్లు.

మూడవ రకం పొర తక్కువ లోతులో ఉన్న భూమిని ఏమి చేయవలెను? దానిని పచ్చికగా ఉంచుటయే చాలా చోట్ల ఉత్తమమని నేను భావిస్తున్నాను. భూ సామర్థ్య వర్గీకరణ ప్రకారం కూడా ఇటువంటి భూములు ఎక్కువగా ఆరు, ఏడు తరగతులకు చెందును; ఆ తరగతులు మేతకు, అడవికి నిర్దేశించినవి. పైనున్న గులక వాన చినుకు తాకిడిని ఆపును, ఆవిరిని తగ్గించును. దానిని ఏరివేసి దున్నితే మిగిలిన కొద్దిపాటి మెత్తని మట్టి కూడా కొట్టుకొనిపోవును. అమెరికాలోని న్యూ మెక్సికోలో 1912 నుండి కొనసాగుతున్న జోర్నాడా పచ్చిక బయళ్ల పరిశోధనా క్షేత్రంలో మరొక విషయం తెలిసినది. సున్నంతో గట్టిపడిన పొర కొంత నీటిని తనలో పట్టి ఉంచి, గడ్డి వేళ్లకు అందించగలదు. పంటకు అడ్డంకి అయిన పొర గడ్డికి ఆధారం కావచ్చునన్నమాట.

మన జిల్లాలోనే మిడుతూరు మండలంలోని రోళ్లపాడు గడ్డి భూములను బట్టమేక పక్షి కొరకు 1988లో అభయారణ్యంగా ప్రకటించిరి. విశాలమైన, చెట్లు పలుచగా ఉన్న మైదానమే ఆ పక్షికి నివాసం. చెట్లు లేని నేలయంతా బంజరే అన్న భావన ఎంత పొరపాటో ఇది తెలుపును. గుంతలు తవ్వి మొక్కలు నాటుటకు ముందు అంజన్ గడ్డి, స్టైలో విత్తి, కొంత కాలం మేపు ఆపి, ఆపై వంతులవారీగా మేపుట గరుసు నేలకు తగిన యాజమాన్యం. గ్రామంలోని కాపరులతో మాట్లాడకుండా ఇది సాధ్యపడదు.

ప్రతి పొలంలో గుంత తవ్వుట ఖర్చుతో కూడినదని కొందరు అనవచ్చును. ప్రతి పొలంలో అక్కరలేదు. వాలు, గులక, సహజంగా పెరిగే మొక్కలను బట్టి గ్రామ భూములను నాలుగైదు భాగాలుగా విభజించి, భాగానికి ఒకటి చొప్పున తవ్వితే చాలును. గ్రామీణ వ్యవసాయ కార్యానుభవానికి వచ్చే విద్యార్థులకు ఈ పనిని తప్పనిసరి చేయవచ్చును. లోతు, గులక శాతం, గట్టి పొర రకం అన్న మూడు గడులను నేల ఆరోగ్య పత్రంలో చేర్చుటకు విశ్వవిద్యాలయం ప్రతిపాదించవలెను. అంతవరకు విస్తరణ శాస్త్రవేత్తలు ఆ మూడింటిని పత్రం వెనుక చేతితోనైనా వ్రాసి రైతుకు ఇవ్వవలెనని నా మనవి.