అది చేతగానితనం కాదు

"ఆ షాపులో మేనేజ్‌మెంట్ సరిగ్గా లేదు మేడమ్, అంతే." హైదరాబాదు బట్టల దుకాణాల్లో సేల్స్‌గర్ల్స్‌గా చేరిన అమ్మాయిల నోట నేను తరచుగా వినే మాట ఇది. వాళ్లను అక్కడ చేర్పించిన శిక్షణా సంస్థల వాళ్లూ ఇదే అంటారు. ఈ మాటతోనే నాకు పేచీ.

సరిగ్గా లేనిదేమిటి? అపాయింట్‌మెంట్ ఆర్డరు ఇవ్వరు. జీతం ఏడో తారీఖున రావచ్చు, ఇరవయ్యో తారీఖున రావచ్చు. స్టాకు లెక్క తేలకపోతే ఏ చీర ఎక్కడ పోయిందో విచారించే ఓపిక ఎవరికీ ఉండదు, ఆ కౌంటరులో ఉన్నవాళ్లందరి జీతాల్లోనూ కోసేస్తారు. పండగ రోజుల్లో రాత్రి పదింటిదాకా ఉంచుకుని ఆ అదనపు గంటలు రాయడం మరిచిపోతారు. ఇంత గజిబిజిలోనూ పొద్దున ఆలస్యమైన పది నిమిషాలను మాత్రం ఒక్కరోజైనా మరిచిపోరు! ఏది రాయాలో, ఏది రాయకూడదో వాళ్లకు బాగా తెలుసు.

రిజిస్టరులో పేరు లేని అమ్మాయికి ప్రావిడెంట్ ఫండ్ లేదు, ఇ.ఎస్.ఐ. లేదు. ప్రసూతి సెలవు 2017లో 26 వారాలకు పెరిగింది సరే, అది అడగాలంటే అంతకుముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఏ కాగితంతో రుజువు చేస్తుంది? కడుపు కనిపించగానే "ఇంక రావద్దులే అమ్మా" అంటే సరిపోతుంది. ఈ అస్తవ్యస్తం యాజమాన్యానికి నష్టం కాదు, ఆదా.

కూర్చోవడం సంగతే చూడండి. నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే వీలుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షనులోనే ఉండేది. అదే మాట దుకాణాల చట్టంలోకి ఎక్కడానికి కేరళలో 2018 దాకా, తమిళనాడులో 2021 దాకా పట్టింది. కేరళలోనూ ఊరికే రాలేదు. కోళికోడ్ మిఠాయి తెరువులో టైలరు పని చేసే విజి, 'పెన్‌కూట్టు' స్త్రీలు మరుగుదొడ్డి కోసం, ఆ తర్వాత స్టూలు కోసం ఏళ్ల తరబడి కొట్లాడారు. పగలంతా నీళ్లు తాగకుండా గడిపే అమ్మాయిలు మన ఊళ్లలోనూ ఉన్నారు. దీన్ని 'మేనేజ్‌మెంట్ లోపం' అనగలమా?

ఇక మన సంగతి. 2014లో మొదలైన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన పల్లెల అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి ఇలాంటి కొలువుల్లో పెడుతోంది. మూడు నెలలు పనిలో నిలిస్తే ప్లేస్‌మెంట్ కింద లెక్క. నాలుగో నెలలో ఆ పిల్ల కాళ్ల వాపులతో ఊరికి తిరిగిపోతే 'సర్దుకోలేకపోయింది' అని రాసుకుంటారు. సర్దుకోవలసింది ఎప్పుడూ ఆడపిల్లే. దుకాణం ఎందుకు సర్దుకోకూడదు?

శిక్షణ ఇచ్చే స్వచ్ఛంద సంస్థలు అమ్మాయిల్ని పంపేముందు వెళ్లి చూడాలి. అపాయింట్‌మెంట్ ఆర్డరు, కౌంటరు వెనక స్టూలు, తాళం వేయని మరుగుదొడ్డి. ఈ మూడూ లేని చోటికి ఎవరినీ పంపకూడదు. అలా పట్టుబడితే ఉద్యోగాలే రావంటారు కొందరు. దసరాకు నెలరోజుల ముందు, అమ్మాయిలను పంపమని ఆ సంస్థలకు ఫోన్లు చేసేది ఆ దుకాణాల వాళ్లే కదా!