తుప్పు డబ్బాల్లో వంటనూనె

వాడుకలో టిన్ను అంటున్నాము గానీ నూనె డబ్బా నిజానికి ఉక్కు రేకు. దానిపై ఉండే తగరం పూత సాధారణంగా మిల్లీమీటరులో 500వ వంతుకు మించదు. అది గీసుకుపోయినా, సొట్టపడి పగిలినా తేమ, ఉప్పు, ఆమ్లం నేరుగా ఇనుమును తాకి తుప్పు పుట్టిస్తాయి.

టమాటా, అనాస వంటి పుల్లని పదార్థాలు తగరాన్ని సైతం కరిగిస్తాయి. డబ్బా తెరిచాక గాలి సోకితే ఆ కరుగుదల మరింత వేగిరమవుతుంది. డబ్బా ఆహారంలో కిలోకు 250 మిల్లీగ్రాములు, డబ్బా పానీయాల్లో 150 మిల్లీగ్రాములకు మించి తగరం ఉండరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పరిమితి విధించింది. మితిమీరితే వాంతులు, కడుపునొప్పి కలిగే ప్రమాదముంది. దీని నివారణకు డబ్బా లోపల రెసిన్ పూత పూస్తారు. ఆ పూతల తయారీలో వాడే బిస్‌ఫినాల్-ఏ రసాయనం ఆరోగ్యానికి చేటన్న నిర్ధారణతో, ఆహారాన్ని తాకే సామగ్రిలో దాని వాడకాన్ని నిషేధిస్తూ యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. పరిశ్రమ మారేందుకు గడువునూ ఇచ్చింది.

అక్కడ పూతలోని రసాయనంపై చర్చ సాగుతుండగా, ఇక్కడ పూతే ఊడిన డబ్బాలను అరికట్టలేకపోవడం శోచనీయం. ఒకసారి వాడిన టిన్నుల్లో తిరిగి వంటనూనె నింపరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. అయినా హోటళ్లలో ఖాళీ అయిన 15 కిలోల టిన్నులు పాత సామాన్ల వారి ద్వారా చేతులు మారి, సొట్టలు తీయించుకుని, కడుగుడు ముగించుకుని మళ్లీ నూనె వ్యాపారుల వద్దకు చేరడం బహిరంగ రహస్యమే. కొత్త డబ్బా కంటే పాతది చౌక కావడమే ఇందుకు మూలం. ఇనుము తగిలిన నూనె త్వరగా చెడుతుంది. అంతకుముందు ఆ డబ్బాలో ఏమి నిల్వ ఉందో కొనేవారికి తెలియదు. విడి నూనె కొనుక్కునే పేద కుటుంబాలే ఈ ఆదాకు మూల్యం చెల్లిస్తున్నాయి.

అప్పుడప్పుడు దాడులు జరిపి చేతులు దులుపుకుంటే చాలదు. నూనె నింపే ప్రతి సంస్థా కొత్త టిన్నుల కొనుగోలు లెక్కలు చూపాలి. అమ్మిన నూనెకూ కొన్న డబ్బాలకూ పొంతన లేకపోతే దొంగ అక్కడే దొరుకుతాడు. ఖాళీ టిన్నుకు రంధ్రం చేసి, అణచి తుక్కుగా మాత్రమే అమ్మాలన్న నియమం హోటళ్లకు పెట్టాలి. రేకు ఉక్కు కొలిమికి చేరుతుంది కనుక తుక్కు సేకరించేవారి ఉపాధి పూర్తిగా పోదు. నిబంధన కాగితంపై ఉన్నంతకాలం దానికీ తుప్పే పడుతుంది.