పంకాలు కలుపుటకు ముందు కూడిక

వేసవి వచ్చినంతనే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములందలి కంప్యూటరు దుకాణములలో ఒక మాట తఱచుగా వినవచ్చును: "పెట్టె కాగిపోవుచున్నది, ఇంకొక రెండు పంకాలు బిగింపుడు." ఈ కోరిక న్యాయమైనదే. మన ప్రాంతమున ఎండ 44 డిగ్రీలు దాటుట అరుదు కాదు. మిర్యాలగూడలో ధాన్యపు మిల్లుల ఊకధూళి, కోదాడలో సిమెంటు లారీలు లేపు దుమ్ము, సూర్యాపేటలో జాతీయ రహదారి దుమ్ము, ఇవి యన్నియు క్యాబినెట్టులో జేరి వేడిని బంధించుచుండును. కాని పంకాలు బిగించుట వేఱు, వానిని సరిగా కలుపుట వేఱు.

ఈ భేదమును గమనింపక మేము పొందిన నష్టమును దాచక చెప్పెదము. గత వేసవిలో ఉత్సాహవంతుడగు మా విద్యార్థి యొకడు మా యనుమతితోనే ఒక కంప్యూటరునకు ఐదు పంకాలు బిగించి, స్ప్లిట్టరు తీగలతో అన్నిటిని మదర్‌బోర్డు మీది ఒకే హెడరునకు కలిపెను. నాలుగు దినములు గాలి చక్కగా వీచెను. ఐదవ దినమున మాడిన వాసన వచ్చి పంకాలన్నియు ఒక్కసారిగా నిలిచిపోయెను. బోర్డు మార్చువఱకు ఆ యంత్రము మూలబడెను. దానిపై అభ్యాసము చేయవలసిన పిల్లలు ఇతరుల భుజముల మీదుగా చూచుచు నిలువవలసి వచ్చెను. బాలుడు సిగ్గుతో తల వంచుకొనెను. కాని తప్పు వానిది కాదు, మాది.

ఏలయన, లెక్క మిక్కిలి సులభమైనది. స్ప్లిట్టరుతో కలిపిన పంకాలు సమాంతర సంధానమున నుండును. అన్నిటికిని 12 వోల్టులే అందును. విద్యుత్ప్రవాహము మాత్రము కూడుచు పోవును. ఆ పంకాలలో ఒక్కొక్కదాని చీటీపై 0.30 ఆంపియరు అని యున్నది. ఐదింటికి 1.5 ఆంపియరులు. హెడరు మోయగలదని బోర్డు పుస్తకమున వ్రాసినది 1 ఆంపియరు. సాధారణముగా హెడరుల పరిమితి యింతియే; కొన్ని బోర్డులలో మాత్రమే 2 గాని 3 గాని యుండును. పైగా పంకా తిరుగ నారంభించు క్షణమున ఇంకను ఎక్కువ లాగును. కావున పరిమితికి లోబడి కొంత మిగులు ఉంచుకొనుటయే వివేకము. ఎడమ కాలువ ఆయకట్టు రైతు పిల్లకాలువ యెన్ని మళ్ళను తడుపగలదో యోచింపకయే నాటు వేయడు. ఆపాటి యోచన మేమును చేసియుండవలసినది.

పంకాలు ఎక్కువ కావలసినచో, ఎస్.ఎమ్.పి.ఎస్. నుండి నేరుగా విద్యుత్తు తీసికొను హబ్ వాడవలెను. అప్పుడు భారము ఎస్.ఎమ్.పి.ఎస్. మీద పడును, బోర్డు వేగపు ఆజ్ఞను మాత్రమే పంపును. నాలుగు పిన్నుల పంకాలో మొదటిది భూమి తీగ, రెండవది 12 వోల్టులది, మూడవది పంకా తన వేగమును తెలుపునది, నాలుగవది బోర్డు ఆజ్ఞను తెచ్చునది. మంచి స్ప్లిట్టరులో మూడవ తీగ ఒక్క పంకాకే యుండును. ఇద్దరు బాలురు ఒక్కమాఱే పాఠము అప్పగించినచో ఉపాధ్యాయునికి ఏమి తెలియును? ప్రాసెసరు పంకాను మాత్రము దానికై యేర్పఱచిన హెడరుననే యుంచవలెను.

గాలి దారియు ముఖ్యమే. ముందునుండి గాలి లోనికి రావలెను. వెనుకనుండియు పైనుండియు వెలుపలికి పోవలెను. పంకాలన్నియు గాలిని బయటికే నెట్టినచో ప్రతి సందునుండియు దుమ్ము లోనికి దూరును. మన దుమ్ము పట్టణములలో లోనికి వచ్చు గాలి కొంచెము ఎక్కువగా నుండి, దానికి జల్లెడ యుండుట మేలు. నెలకొకసారి ఆ జల్లెడను దులుపుట కొత్త పంకా కొనుటకంటె చౌక. గదిలో 40 డిగ్రీల వేడి యున్నప్పుడు ఎన్ని పంకాలు పెట్టినను అవి పెట్టెను అంతకంటె చల్లబఱుపజాలవు.

"పిల్లలు పెట్టె విప్పనేల? దుకాణదారునికి అప్పగింపరాదా?" అని కొందఱు పెద్దలు మమ్ము అడిగిరి. వారి భయము మాకు తెలియును. కాని పదవ తరగతి భౌతికశాస్త్రమున శ్రేణి, సమాంతర సంధానముల లెక్కలను మన పిల్లలు చేయుచునే యున్నారు. ఆ బాలుడును పరీక్షలో ఆ లెక్క తప్పలేదు. పెట్టెలో అదే లెక్క యెదురైనప్పుడు మాత్రము దానిని గుర్తింపలేదు. పుస్తకమునకును పెట్టెకును నడుమ వంతెన కట్టవలసిన వారము మేమే. ఆ పని మేము చేయలేదు. పెట్టెకు తాళము వేసినచో ఆ వంతెన ఎన్నటికిని కట్టబడదు.

కావున మా యభిప్రాయ మిది. ప్రతి పాఠశాలలోను పాడుపడిన కంప్యూటరు నొకదానిని, విద్యుత్తు తీగ తొలగించి, పాఠమునకై విప్పి యుంచవలెను. పిల్లలు పంకా చీటీ చదివి, ఆంపియరులు కూడి, బోర్డు పుస్తకముతో సరిచూచి, లెక్కను కాగితముపై వ్రాసి చూపిన పిమ్మటనే బిగింపవలెను. ప్రియ విద్యార్థులారా, మీలో పలువురు రేపు ఈ మూడు పట్టణములలోనే యంత్రములు బాగుచేయుచు జీవింతురు. మీ చేతికి స్క్రూడ్రైవరు వచ్చుటకు ముందు పెన్సిలు రావలెనని మా కోరిక. మా విద్యార్థి యిప్పుడట్లే చేయుచున్నాడు. అతని లెక్కను మేమును మఱొకసారి కూడి చూచుచున్నాము.