సాయంత్రం రెండు గంటలు మన ఆడపిల్లల ఆటకివ్వండి!

చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెం, ఈపూరుపాలెం, వాడరేవు ప్రజలకు
కాలేజీ మహిళా వాలీబాల్ జట్టు విజ్ఞప్తి



మన కాలేజీలో ఆడపిల్లల వాలీబాల్ జట్టు తయారవుతోంది. పన్నెండు మంది అమ్మాయిలు ముందుకొచ్చారు. మగ్గం నేసే ఇళ్ళ పిల్లలున్నారు, వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలున్నారు, కూలికెళ్ళే ఇళ్ళ పిల్లలున్నారు. ఎగరగల కాళ్ళున్నాయి. బంతి ఎటొస్తుందో పసిగట్టే చూపుంది. పడినా లేచి నిలబడే పట్టుదల ఉంది. కరువైంది సమయం. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా, వారానికి ఐదు రోజులు, ఎవరూ అడ్డుపడని రెండు గంటలు కావాలి. అవి అడగడానికే ఈ కరపత్రం మీ చేతిలో పెడుతున్నాం.

సర్వీసు ఎలా చెయ్యాలో, బంతిని ఎలా అందుకోవాలో, ఎగిరి దిగేటప్పుడు మోకాలు ఎలా కాపాడుకోవాలో కోచ్‌గా నేను నేర్పగలను. ఆ రెండు గంటలు మాత్రం నా చేతిలో లేవు. అవి ఇంటి చేతిలో, బజారు చేతిలో, బస్సు చేతిలో, మైదానంలో ఆడే మగపిల్లల చేతిలో ఉన్నాయి. అంటే మీ అందరి చేతిలో ఉన్నాయి.

అమ్మాయిల సాయంత్రం ఎటు పోతోంది?

స్మాష్‌కు బంతి లేపి ఇచ్చే మా లిఫ్టర్ ఇంట్లో మగ్గం ఉంది. కాలేజీ నుంచి ఇంటికెళ్ళేసరికి కండెలు చుట్టే పని సిద్ధంగా ఉంటుంది. ఆ పని ఆగితే నాన్న మగ్గం ఆగుతుంది. నెట్ దగ్గర బ్లాక్‌కు ఎగిరే అమ్మాయిది దూరపు పల్లె. ఆగస్టు 15, 2025 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగులో టికెట్ లేదు, కాబట్టి డబ్బుతో చిక్కు లేదు. బస్సు వేళతోనే చిక్కు. ఐదున్నర బస్సు తప్పితే ఆమె ఇల్లు చేరే దారి లేదు. ఇంకో అమ్మాయికి తమ్ముణ్ణి ట్యూషన్ నుంచి తీసుకురావడం, అన్నం వండటం. అదే ఇంట్లో అదే వేళకు అన్నయ్య బ్యాటు భుజాన వేసుకుని బయటికి వెళ్తాడు. వాణ్ణి ఎవరూ ఆపరు, ఆపమనీ మేం అనడం లేదు. చెల్లెలికీ అదే దారి తెరవమంటున్నాం.

శీతాకాలంలో ఆరు కాకముందే చీకటి పడుతుంది. మైదానంలో లైటు లేదు. ఆడపిల్లలు వాడుకోదగ్గ, నీళ్ళొచ్చే మరుగుదొడ్డి లేదు. నెలసరి రోజుల్లో పిల్లలు ప్రాక్టీసు మానేస్తున్నారంటే దానికి కారణం ఒళ్ళు సహకరించకపోవడం కంటే ఈ నీళ్ళు లేకపోవడమే.

ఈ ఆటకు రోజూ సాధన ఎందుకు?

వాలీబాల్‌లో బంతిని పట్టుకోవడానికి లేదు, నిలపడానికి లేదు. చేతికి తగిలిన ఆ రెప్పపాటులోనే అది ఎటు పోవాలో తేలిపోవాలి. మూడు దెబ్బల్లో నెట్ దాటించాలి. మొదటి పాస్ చెడితే లిఫ్టర్ పరుగెత్తాలి, లిఫ్ట్ చెడితే స్మాష్ కొట్టే అమ్మాయి ఎంత ఎత్తు ఎగిరినా దండగ. పైగా సర్వీసు మన చేతికి వచ్చిన ప్రతిసారీ ఆరుగురూ చోటు మారాలి. ముందు ఆడే పిల్ల వెనక్కి వెళ్తుంది, వెనక ఆడే పిల్ల ముందుకొస్తుంది. ఒకరిద్దరు గట్టివాళ్ళను పెట్టుకుని మిగతావాళ్ళను దాచిపెట్టి గెలిచే ఆట కాదిది. అందరూ నేర్చుకోవాలి, అందరి చేతికీ బంతి తగలాలి.

ఇప్పుడు మా దగ్గర పనికొచ్చే బంతులు రెండు. ఇద్దరికొక బంతి చొప్పున పాస్ సాధన మొదలుపెడితే నలుగురు ఆడతారు, ఎనిమిది మంది నిలబడి చూస్తారు. దొరికిన ఆ కాస్త సమయంలోనూ ఎక్కువ భాగం అలా నిలబడటానికే పోతోంది. ఆరు బంతులుంటే పన్నెండు మందీ ఒకేసారి ఆడతారు. ఆరు బంతులు ఈ ఊరికి బరువా?

ఇలా మొదలై ఎక్కడిదాకా వెళ్ళారో చూడండి

1964లో టోక్యో ఒలింపిక్స్‌లో వాలీబాల్ తొలిసారి చేరింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు దక్కిన మొదటి జట్టు ఆట అదే. అక్టోబర్ 23న చివరి మ్యాచ్‌లో సోవియట్ జట్టును ఓడించి జపాన్ అమ్మాయిలు బంగారు పతకం గెలిచారు. వాళ్ళలో ఎక్కువ మంది ఒసాకా దగ్గర కైజుకాలోని నిచిబో బట్టల మిల్లు ఉద్యోగినులు. పగలు మిల్లులో పని, పని దిగాక రాత్రి పొద్దుపోయేదాకా సాధన. కోచ్ హిరోబుమి దైమత్సు వాళ్ళకు ఒక విద్య నేర్పారు: నేల మీదికి దూకి బంతిని లేపి, అలాగే దొర్లి, వెంటనే లేచి నిలబడటం. ఆ విద్యనే ఈరోజు మన మైదానంలో మన పిల్లలు నేర్చుకుంటున్నారు. దైమత్సు శిక్షణ చాలా కఠినమైనదని ఆయన దేశంలోనే విమర్శలొచ్చాయి. ఆ కఠినత్వం మాకొద్దు. నూలుతో, బట్టతో బతికే ఇళ్ళ ఆడపిల్లలు ప్రపంచాన్ని గెలవగలరన్న ఆ నిజం మాత్రం చీరాలకు కావాలి.

అమెరికాలో చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదని 1972లో చట్టం వచ్చింది. కాలేజీలు ఆడపిల్లల జట్లకు కోచ్‌లను, మైదానాలను, స్కాలర్‌షిప్పులను ఇవ్వడం ఆ తర్వాతే ఊపందుకుంది. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కా విశ్వవిద్యాలయం అమ్మాయిల వాలీబాల్ మ్యాచ్ చూడటానికి లింకన్ నగరంలో 92,003 మంది స్టేడియానికి వచ్చారు. నెబ్రాస్కా రాష్ట్రం మొత్తం జనాభా సుమారు ఇరవై లక్షలే. అంతమంది జనం ఒక్కరోజులో పుట్టుకురాలేదు. తండ్రులు కూతుళ్ళను చెయ్యి పట్టుకుని మ్యాచ్‌కు తీసుకెళ్ళారు, ఆ కూతుళ్ళు తమ పిల్లలను తీసుకెళ్ళారు.

అంత దూరం ఎందుకు, కేరళను చూడండి. అక్కడి స్పోర్ట్స్ కౌన్సిల్ కాలేజీలను ఆనుకుని స్పోర్ట్స్ హాస్టళ్ళు పెట్టింది. చంగనాశేరి అసంప్షన్ కాలేజీ లాంటి చోట్ల ఆడపిల్లలు పొద్దున, సాయంత్రం ఆడి మధ్యలో చదువుకుంటారు. జాతీయ పోటీల్లో కేరళ అమ్మాయిలు ముందుంటున్నారంటే అక్కడి గాలిలో మాయ ఏదీ లేదు. వాళ్ళ సాయంత్రాలకు కాపలా ఉంది, అంతే.

మన తెలుగు నేల కూడా ఖాళీగా లేదు. 1973లోనే జి. మాలినీ రెడ్డి వాలీబాల్‌లో అర్జున అవార్డు అందుకున్నారు. అర్ధ శతాబ్దం కిందట ఒక తెలుగు అమ్మాయి చేరిన చోటికి ఈ తరం అమ్మాయిలు ఎందుకు చేరలేరు?

తల్లిదండ్రులకు ఒక మాట

చదువు పాడవుతుందని మీ భయం. పరీక్షల ముందు వారాల్లో ప్రాక్టీసు తగ్గిస్తాం, పరీక్షల రోజుల్లో ఆపేస్తాం. హాజరు తగ్గిన పిల్లను మ్యాచ్‌కు తీసుకెళ్ళం.

ఎండకు నల్లబడుతుందని, పెళ్ళికి అడ్డమని కొందరన్నారు. ఆరోగ్యంగా, ధైర్యంగా, నలుగురిలో తల ఎత్తి మాట్లాడే కూతురు ఏ ఇంటికైనా బలమేనని మా నమ్మకం. బట్టల గురించి బెంగ వద్దు. ప్రాక్టీసుకు ట్రాక్ ప్యాంటు, టీ షర్టు చాలు.

మోకాలి దెబ్బల భయం నిజమైనదే. ఎగిరి దిగే ఆటల్లో మోకాలి లిగమెంటు గాయాలు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు ఎక్కువ. అందుకే మొదటి నెలంతా స్మాష్ జోలికి పోకుండా దిగడం నేర్పుతాం: రెండు కాళ్ళ మీద, మోకాళ్ళు వంచి, లోపలికి వాలనివ్వకుండా. వారానికొకరోజు వాడరేవు ఇసుకలో సాధన పెడతాం. ఇసుకలో కాళ్ళకు బలమొస్తుంది, దెబ్బ తక్కువ.

అన్నిటికన్నా ముఖ్యం తిండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. అంటే సగానికి పైగా. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు మన ఆడపిల్లలకు ఎప్పుడో మాన్పించాలి. ఆడే పిల్లకు రోజూ గుడ్డు, పప్పు, ఆకుకూర, వేరుశనగ ముద్ద పెట్టండి. ఆటకోసం పెట్టిన ఆ తిండి రేపు ఆమె బిడ్డకూ బలమవుతుంది.

ముందు ఏముందని అడుగుతారు. కాలేజీల మధ్య పోటీల్లో మెరిస్తే యూనివర్సిటీ జట్టు, అక్కడ నిలిస్తే సౌత్ జోన్, ఆపైన అఖిల భారత యూనివర్సిటీల పోటీలు. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ మరో మెట్టు. రైల్వేలు, పోలీసు శాఖ లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలున్నాయి. అందరికీ ఉద్యోగం వస్తుందని మేం ఆశపెట్టం. ఆడిన ప్రతి పిల్లకూ బలమైన ఒళ్ళు, భయం లేని గొంతు, కష్టంలో తోడు నిలిచే పదకొండు మంది స్నేహితురాళ్ళు దక్కుతారని మాత్రం గట్టిగా చెప్పగలం.

మైదానంలో ఆడే తమ్ముళ్ళకు

మగవాళ్ళ నెట్ ఎత్తు 2.43 మీటర్లు, ఆడవాళ్ళది 2.24 మీటర్లు. తేడా 19 సెంటీమీటర్లు. మీరు కట్టిన నెట్ మీద అమ్మాయిలు సాధన చేస్తే వాళ్ళ స్మాష్, బ్లాక్ లెక్కలన్నీ తప్పుతాయి. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా కోర్టు వదలండి, నెట్ దించి కట్టడంలో చెయ్యి కలపండి. ఆరున్నర తర్వాత అది మీదే. సంక్రాంతి టోర్నమెంట్లలో పేరు తెచ్చుకున్న సీనియర్లు మీలో ఉన్నారు. వారానికొకసారి అమ్మాయిలకు ఎదురు నిలబడి గట్టి సర్వీసులు వెయ్యండి. మీ సర్వీసు అందుకోవడం నేర్చిన పిల్ల ఏ జిల్లా జట్టుకూ జంకదు. గట్టు మీద కూర్చుని మాటలు విసిరే వాళ్ళను ఆపడం కూడా మీ బాధ్యతే. అక్కడ ఆడుతున్నది మీ చెల్లెళ్ళు.

మేం అడుగుతున్నవి

1. ప్రతి ఇంటా: వారానికి ఐదు రోజులు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ఆడే పిల్లకు ఇంటిపని చెప్పకండి. ఆ పని ఇంట్లో అందరూ పంచుకోండి.
2. కాలేజీ యాజమాన్యం: నీళ్ళున్న మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, కోర్టుకు రెండు వైపులా లైట్లు, రెండు ఎత్తుల్లోనూ నెట్ కట్టగల స్తంభాలు ఏర్పాటు చెయ్యాలి.
3. ఆర్టీసీ అధికారులు: ఆరున్నర తర్వాత పల్లెలకు ఒక బస్సు నడపాలి. ఆటకే కాదు, ట్యూషన్లకు, దుకాణాల్లో పనికి వచ్చే ఆడవాళ్ళందరికీ అది అక్కరకొస్తుంది.
4. బట్టల వ్యాపారులు, జీడిపప్పు వ్యాపారులు, ఆక్వా రైతులు: ఆరు బంతులు, పన్నెండు జతల బూట్లు, మోకాలి ప్యాడ్లు, రోజూ పిల్లకొక గుడ్డు. డబ్బుగా వద్దు, వస్తువుగా ఇవ్వండి.
5. ఆటో అన్నలు: దగ్గరి ఊళ్ళ పిల్లలను ఆరున్నర దాటాక గుంపుగా ఇంటి దగ్గర దించండి.
6. పాత క్రీడాకారిణులు: పెళ్ళితో ఆట ఆపేసిన అక్కలు ఈ చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. వారానికొక సాయంత్రం రండి. మీరు కోర్టులో నిలబడితే చాలు, తల్లులకు ధైర్యం వస్తుంది.

మేం ఇస్తున్న మాట

ప్రాక్టీసు జరిగినంత సేపూ మహిళా అధ్యాపకురాలు మైదానంలో ఉంటారు. ఏ తల్లి, ఏ తండ్రి ఏ రోజైనా వచ్చి చూడవచ్చు. చెయ్యి చేసుకోవడం, తిట్టడం, ఒళ్ళు గురించి, కులం గురించి మాటలనడం మా శిక్షణలో ఉండవు. గాయమైన పిల్లను డాక్టర్ సరేననేదాకా ఆడించం. వచ్చిన ప్రతి వస్తువు లెక్క కాలేజీ గేటు దగ్గర బోర్డు మీద రాస్తాం. చివరి పిల్ల ఇల్లు చేరినట్టు కబురందేదాకా కోచ్ మైదానం వదలదు.

ఇది చీరాల పేరాల గడ్డ!

1921లో అన్యాయంగా మోపిన మున్సిపల్ పన్నులకు తల వంచకుండా, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపుతో, ఈ ఊరి జనం ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. పిల్లాజెల్లాతో పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. ఒక మాట మీద అంతా కలిసి నిలబడటం ఈ ఊరికి తెలిసిన విద్య. ఇల్లూ వాకిలీ వదలమని ఇప్పుడెవరూ అడగడం లేదు. సాయంత్రం రెండు గంటలు వదలమంటున్నాం, అదీ మన సొంత కూతుళ్ళ కోసం.

అందరూ రండి!

ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు కాలేజీ మైదానంలో మన అమ్మాయిలు రెండు జట్లుగా ఆడి చూపిస్తారు. అమ్మమ్మలు, నాయనమ్మలు, చిన్నపిల్లలతో సహా ఇంటిల్లిపాదీ రండి. ఆట అయ్యాక అక్కడే కూర్చుని ఎవరు ఏ పని భుజాన వేసుకుంటారో పేర్లు రాసుకుందాం. ఎనిమిదో తరగతి దాటిన ఏ ఆడపిల్లైనా ఆడాలనుకుంటే అదే రోజు పేరు ఇవ్వవచ్చు. ఎత్తు చూడం, ముందు ఆడావా అని అడగం. ఆడాలన్న ఇష్టముంటే చాలు.

ఆడపిల్ల సాయంత్రం ఆడపిల్లదే!
నెట్ దించండి, లైటు వెయ్యండి, బస్సు నడపండి!
మన ఊరి జట్టును మనమే నిలబెడదాం!

ఇట్లు
కోచ్, క్రీడాకారిణులు
కాలేజీ మహిళా వాలీబాల్ జట్టు, చీరాల

(చదివాక పారేయకండి. పక్కింటి ఆడపిల్ల చేతికివ్వండి.)