రెండు కొంటే ఒకటి ఉచితం... ఆ మూడోది ఎవరికి?

శ్రావణమాసం వస్తోంది కదా అని మొన్న ఆదివారం వంటింటి అలమరలు దులిపాను. దుమ్ము కంటే సామాన్లే ఎక్కువ బయటపడ్డాయి. గడువు దాటిన టమాటా సాస్ సీసాలు రెండు, పురుగు పట్టిన ఓట్స్ డబ్బా ఒకటి, నూడుల్స్ ప్యాకెట్లు ఐదు, మూతైనా తీయని మయొనీస్ సీసా ఒకటి. మా ఇంట్లో మయొనీస్ ఎవరు తింటారో నాకిప్పటికీ తెలియదు. అన్నీ బల్ల మీద వరసగా పెట్టి మావారిని పిలిచాను.

"ఇవన్నీ ఆఫర్లో వచ్చినవే! ఒక్కటీ పూర్తి ధర పెట్టి కొనలేదు" అన్నారు గర్వంగా.

సరే, లెక్క చూద్దాం రమ్మన్నాను. సాస్ సీసా 120 రూపాయలు. రెండు కొంటే ఒకటి ఉచితం. అంటే 240కి మూడు, ఒక్కోటి 80 పడింది. బిల్లు మీద 'మీకు 120 రూపాయలు ఆదా' అని కూడా వేసిచ్చారు. కానీ మేం వాడింది ఒక్క సీసా. మిగతా రెండూ చెత్తబుట్టలోకి. అంటే వాడిన ఆ ఒక్కదానికీ మేం పెట్టింది 240. ఆఫర్ లేని రోజు వెళ్లి ఒక్కటే తెచ్చుకుని ఉంటే 120తో పోయేది!

మీ ఇంట్లో కూడా ఇలాంటి అలమర ఒకటి ఉండే ఉంటుంది. నవ్వకండి, ఒకసారి తెరిచి చూడండి.

అలాగని ఆఫర్లన్నీ మోసమే అనను. ఆ కోపంలో మూడు నెలల బిల్లులు ముందేసుకుని కూర్చుంటే కొన్నిచోట్ల మావారే గెలిచారు. బట్టల సబ్బులు, అంట్లు తోమే సబ్బు, టూత్‌పేస్టు... ఇవి ఎలాగూ ప్రతినెలా కొనేవే, ఓ ఆరునెలలున్నా పాడయ్యేవి కావు. మూడు కొంటే ఒకటి ఉచితమంటే నూటికి 25 తగ్గినట్టే. అది నిజమైన లాభం, ఒప్పుకున్నాను. ఓడిపోయినవన్నీ తిండి సామాన్లే. అందులోనూ మేం మామూలుగా కొననివి.

ఇంకో చిత్రం చెబుతాను. ఓసారి బిల్లు 1,290 అయింది. 1,499 దాటితే కిలో చక్కెర ఒక్క రూపాయికే అని బోర్డు. అంతే, ఆయన మళ్లీ లోపలికి పరిగెత్తి చిప్సు, బిస్కెట్లు కలిపి 215 రూపాయలవి తెచ్చారు. బయట చక్కెర 45. ఆ 44 మిగుల్చుకోవడానికి 215 పెట్టాం! ఆ చిప్సు తిన్నందుకు నాకు రెండు రోజులు గొంతు నొప్పి అదనం. అది నిజంగా ఉచితమే.

అంకెల్లో ఉన్న మాయ కూడా తెలుసుకోవాలి. '25 శాతం అదనం' అని పెద్ద అక్షరాలతో ఉంటే మనం పావు వంతు ధర తగ్గిందనుకుంటాం. కాదు. 100 గ్రాముల ధరకి 125 గ్రాములు ఇస్తే తగ్గింది 20 శాతమే. ఇక 'సగం ధర' అన్నప్పుడు దేనిలో సగం అని అడగాలి. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు. అంతేగానీ అందరూ అమ్మే ధర అని కాదు. మా వీధి చివర కిరాణా కొట్టాయన కొన్ని సరుకులు ఎమ్మార్పీ కంటే తక్కువకే ఇస్తాడు, బోర్డు పెట్టడు, అంతే తేడా.

ప్యాకెట్ వెనక ఎమ్మార్పీ దగ్గరే ఇంకో చిన్న అంకె ఉంటుంది, చూశారా? గ్రాముకి ఇంత, మిల్లీలీటరుకి ఇంత అని. ప్యాక్ చేసిన సరుకుల నిబంధనలకు 2021లో చేసిన సవరణ వల్ల వచ్చిందది. కిలోకి తక్కువున్న ప్యాకెట్ మీద గ్రాము ధర, కిలో దాటితే కిలో ధర వేయాలి. పెద్ద ప్యాకెట్ చవకా, చిన్నదా అన్నది దాన్ని పోల్చి చూస్తే తేలిపోతుంది. అయితే అది ఎమ్మార్పీ మీద కట్టిన లెక్క. ఆఫర్ ధర తేల్చాలంటే మాత్రం ఫోన్లో క్యాలిక్యులేటర్ తీయక తప్పదు. బిల్లులో ఎమ్మార్పీ కంటే ఎక్కువ పడితే ఊరుకోకండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఈ గొడవంతా వింటూ అంట్లు తోముతోంది. "మూడు కొంటేనే గదమ్మా ఒకటి ఊరికే ఇచ్చేది. మూడింటికి మాకాడ పైసలెక్కడివి?" అంది. నా నోట మాట రాలేదు. ఆమె పప్పు పావుకిలో, నూనె చిన్న ప్యాకెట్ చొప్పున ఏ రోజుకారోజు కొంటుంది. లాభమంతా చేతిలో నాలుగు డబ్బులున్న మాకే. ఆ లాభాన్నీ మేం చెత్తబుట్టలో పోస్తున్నాం.

ఒక్కచోట మాత్రం ఆవిడే గెలిచింది. ఆమె కొనే రెండు రూపాయల షాంపూ ప్యాకెట్‌లో 5 మిల్లీలీటర్లు. అంటే మిల్లీ 40 పైసలు. నేను వాడే 180 మిల్లీలీటర్ల సీసా 130 రూపాయలు. మిల్లీ 72 పైసలు! పెద్దది ఎప్పుడూ చవక అనుకుంటాం గానీ, కాదన్నమాట.

మా అమ్మమ్మ కూడా ఏడాదికి సరిపడా ఒకేసారి కొనేది. ఎండాకాలంలో కందులు, చింతపండు, మిరపకాయలు. పప్పుకి ఆముదం పట్టించి ఎండబెట్టేది, చింతపండులో ఉప్పు వేసి జాడీకెత్తేది. ఒక్క గింజ పారబోయడం నేను చూడలేదు. ఎందుకంటే ఇంట్లో ఎంతమంది, పండక్కి వచ్చేదెవరు, ఏడాదికి ఎన్ని కుంచాలు కావాలన్నది ఆమెకు నోటి లెక్క. కొట్టువాడి బోర్డు చూసి కాదు, తన ఇంటి మనుషుల్ని లెక్కపెట్టి కొనేది.

మా తప్పు అక్కడే ఉందని అప్పుడు తట్టింది. అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయింది. అబ్బాయి హాస్టల్లో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరం, కొనేది మాత్రం ఇంకా నలుగురికి. ఇన్ని నూడుల్స్ ఎందుకండీ అంటే ఆయన నెమ్మదిగా, "వాడు వస్తే అడుగుతాడు కదా" అన్నారు. ఇక నాకు కోపం ఎక్కడొస్తుంది చెప్పండి!

ఇప్పుడు మా ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. బయల్దేరే ముందు అలమర తెరిచి చూసి చీటీ రాయాలి. ఆఫర్ కనబడితే మూడు ప్రశ్నలు. ఆఫర్ లేకపోయినా ఇది కొనేవాళ్లమా? గడువులోగా అయిపోతుందా? పక్క కొట్లో ఎంతకిస్తున్నారు? మూడింటికీ జవాబు బాగుంటేనే బండిలో వేయాలి. పోయిన నెల బిల్లు కాస్త తగ్గింది, అలమరలో చోటూ కనబడుతోంది.

ఆ నూడుల్స్‌లో గడువు దాటిన మూడూ పారేశాను. మిగిలిన రెండూ అలాగే ఉంచాను. దసరాకి అబ్బాయి వస్తున్నాడు. తేదీ చూశాను, నవంబరు దాకా ఉంది.