వీసా ఆలస్యానికి వడ్డీ ఎవరు కడుతున్నారు?

2025 ఆగస్టు రెండో వారంలో ఒక రాత్రి పదకొండు దాటాక నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి ఒక విద్యార్థి ఫోన్ చేశాడు. "అక్కా, స్టేటస్ చూస్తే రిఫ్యూజ్డ్ అని వస్తుంది. నాన్నకు ఏం చెప్పాలె?" అన్నాడు. అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చిన కుర్రవాడు. జులై చివర్లో ఇంటర్వ్యూ అయింది. అధికారి పాస్‌పోర్టు ఉంచుకుని 221(జి) అని రాసిన కాగితం చేతిలో పెట్టి, అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్ అన్నాడట. అలాంటి దరఖాస్తులన్నిటికీ ఆ వెబ్‌సైటులో రిఫ్యూజ్డ్ అనే కనిపిస్తుందని, అది తుది నిర్ణయం కాదని, పరిశీలన పూర్తయ్యాక మారవచ్చని చెప్పాను. "అయితే ఎన్ని రోజులు పడుతది?" అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా లేదు.

కాసేపు ఆగి అతనే అన్నాడు: "రోజులు కాదక్కా, వడ్డీ లెక్క పెడుతున్నం."

ఆ లెక్క ఇది. తాకట్టు లేకుండా బ్యాంకు ఇచ్చింది 7.5 లక్షలు. అంతకు మించితే ఆస్తి చూపమన్నారు. ఆస్తి లేదు. మిగతా 8 లక్షలు వాళ్ళ నాన్న, మేనమామ కలిసి బయట తెచ్చారు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు 24,000. ఇద్దరూ కూలి పని చేసేవాళ్ళే. కాన్సులేట్ ఒక దరఖాస్తును పక్కన పెట్టిన ప్రతి నెలా ఆ రెండు ఇళ్ళ మీద 24,000 రూపాయలు పడుతున్నాయి.

వీసా ఆలస్యం గురించి మనం మాట్లాడేటప్పుడు అది అందరికీ సమానంగా వచ్చే ఇబ్బంది అన్నట్టు మాట్లాడతాం. నిజమే, వీసా అధికారి కులం అడగడు. 2025 మే 27న అమెరికా విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఆపేసినప్పుడు అందరికీ ఆపింది. జూన్ 18న మళ్ళీ మొదలుపెడుతూ సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టాలన్నప్పుడు అందరికీ చెప్పింది. కానీ ఒకే ఆలస్యం రెండు ఇళ్ళలో ఒకేలా దిగదు. సొంత ఇల్లు, తరాల పొదుపు, విదేశాల్లో బాబాయో పెదనాన్నో ఉన్న కుటుంబానికి అది ఒక సెమిస్టర్ వాయిదా. ఆ ఆరు నెలలు కుర్రవాడు ఇంట్లో కూర్చుని ఇంకో కోర్సు చేస్తాడు. మన ఇళ్ళలో అదే ఆరు నెలలు లక్షన్నర దాకా వడ్డీ, ఊళ్ళో మాటలు, "చదివింది చాలు, ఏదో ఒక ఉద్యోగం చూసుకో" అనే ఒత్తిడి. ఆలస్యం కులం చూడదు. ఆలస్యాన్ని భరించే శక్తి మాత్రం కులాన్ని బట్టే పంచబడి ఉంది.

నా అనుభవం కూడా చెప్పాలి. పరిశోధన కోసం ఒక యూరప్ దేశానికి దరఖాస్తు పెట్టినప్పుడు నేను నాలుగు నెలలు ఎదురుచూశాను. అందులో కొంత కాలం ఆ దేశం తీసుకున్నది కాదు. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. కుల ధ్రువపత్రంలో అసలు లేదు. మూడూ ఒకే మనిషివని నిరూపించడానికి నోటరీ దగ్గరికి, మండల ఆఫీసుకి ఆరుసార్లు తిరిగాను. వెళ్ళిన ప్రతిసారీ అమ్మకు ఒక రోజు కూలి పోయేది, ఎందుకంటే సంతకానికి ఆమె కూడా రావాలన్నారు. చివరికి వీసా వచ్చేసరికి తరగతులు మొదలై మూడు వారాలైంది. ఆ దేశం నన్ను ఆలస్యం చేసిందని చాలా రోజులు అనుకున్నాను. తర్వాత లెక్క వేసుకుంటే సగం ఆలస్యం ఇక్కడిదే.

ఈ సంపాదకీయంలో నేను చెప్పదలచుకున్నది అదే. విదేశీ కాన్సులేట్‌లోని క్యూను మనం తగ్గించలేం. ఏ దేశమైనా తన గడప లోపలికి ఎవరిని రానివ్వాలో తానే నిర్ణయించుకుంటుంది. కానీ ఆ క్యూలో నిలబడ్డ మన పిల్లల్ని నిలువునా ముంచుతున్నది మన సొంత ప్రభుత్వాలు డబ్బు విడుదల చేసే పద్ధతి. దాన్ని మార్చమని అడిగే హక్కు మనకుంది.

తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద అర్హులైన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల దాకా సాయం అందుతుంది. మంచి పథకం. ఎంతోమంది జీవితాలు మార్చింది. కానీ దాని నిబంధన చూడండి: మొదటి విడత 10 లక్షలు విద్యార్థి ఆ దేశంలో దిగి, ల్యాండింగ్ పర్మిట్ లేదా ఇమిగ్రేషన్ కార్డు చూపిన తర్వాత వస్తాయి. రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక. అంటే వీసా కోసం డబ్బు చూపాలి, డబ్బు కోసం వీసా చూపాలి. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని ఎవరు పూడుస్తున్నారు? వడ్డీ వ్యాపారి. వీసా ఒక నెల ఆలస్యమైతే ఆయనకు ఒక నెల లాభం. దిగిన తర్వాత విడతలు కూడా ఆలస్యమైతే ఆ లాభం ఇంకా పెరుగుతుంది. బకాయిల కోసం పరాయి దేశాల నుంచి మన పిల్లలు వినతిపత్రాలు రాసుకున్న రోజులు మనం చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పథకానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. 2024లో మళ్ళీ బాబాసాహెబ్ పేరు పెట్టారు. పేరు తిరిగి రావడం సంతోషమే. డబ్బు వేళకు రావడం అంతకన్నా ముఖ్యం.

కేంద్రం సంగతి కూడా వేరుగా లేదు. 1954-55 నుంచి నడుస్తున్న నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఏడాదికి 125 సీట్లు, అందులో 115 ఎస్సీలకు. ఇంత పెద్ద దేశానికి అంతే. 2025 జులైలో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ప్రొవిజనల్ లేఖలు ఇచ్చారు. మిగిలిన 66 మందికి నిధులు ఉంటే ఇస్తామన్నారు. జులై అంటే సెప్టెంబర్‌లో తరగతులున్న వాళ్ళు వీసా దరఖాస్తు పెట్టాల్సిన సమయం. చేతిలో లేఖ లేకపోతే దరఖాస్తు పెట్టడానికే లేదు. అలాంటి విద్యార్థి సెప్టెంబర్‌లో సీటు పోగొట్టుకుంటే రికార్డుల్లో "వీసా రాలేదు" అని ఉంటుంది. అసలు ఆలస్యం ఎక్కడ మొదలైందో ఏ రికార్డులోనూ ఉండదు.

బాబాసాహెబ్ జీవితంలో ఈ బాధ ఉంది. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో ఆయన కొలంబియా వెళ్ళారు. 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, గ్రేస్ ఇన్‌లో చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయి, చదువు మధ్యలో వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండడానికి గది దొరకలేదు. తర్వాత బొంబాయిలో సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి జీతంలో మిగిల్చుకున్నది, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, స్నేహితుడు నవల్ భతేనా ఇచ్చిన అప్పు, ఇవన్నీ కలిపి 1920లో మళ్ళీ లండన్ చేరారు. 1923లో డీఎస్సీ పూర్తయింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. నాలుగేళ్ళ లోపు తిరిగొచ్చి చదువు కొనసాగించవచ్చని లండన్ విశ్వవిద్యాలయం ఆయనకు అనుమతి ఇచ్చింది. ఆ ఒక్క అనుమతి లేకపోతే ఆయన ఎంత మిగిల్చుకున్నా ప్రయోజనం ఉండేది కాదు. డబ్బు ఆగినా సీటు ఆగింది కాబట్టి ఆయన తిరిగి వెళ్ళగలిగారు. ఇవాళ మన పిల్లలకు డబ్బూ ఆగుతోంది, సీటూ పోతోంది.

చట్టం ఏమంటుంది? విదేశాలకు వెళ్ళే హక్కు 21వ అధికరణం చెప్పే వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో చెప్పింది. 1978లో మేనకా గాంధీ కేసులో ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ స్వేచ్ఛను అడ్డుకునే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలంది. ఈ తీర్పులు విదేశీ కాన్సులేట్‌ను కట్టడి చేయవు. కానీ మన పాస్‌పోర్టు ఆఫీసుకు, పోలీసు వెరిఫికేషన్‌కు ఆ కొలత వర్తిస్తుంది. స్కాలర్‌షిప్ శాఖను కూడా అదే కొలతతో ప్రశ్నించాలి. వీసా కోసం డబ్బు చూపాల్సిన మనిషికి వీసా వచ్చాకే డబ్బిస్తామనడం సహేతుకమైన పద్ధతేనా? న్యాయశాస్త్రం చదువుతున్న మిత్రులు ఈ ప్రశ్నను కోర్టు దాకా తీసుకెళ్ళే ఆలోచన చేయాలి.

అంతవరకూ ఎదురుచూస్తున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నా అనుభవం నుంచి కొన్ని మాటలు.

మీ కాగితాలకు కూడా గడువులుంటాయి, వాటిని ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. బ్రిటన్‌కు వెళ్ళేవాళ్ళ ఖాతాలో డబ్బు వరుసగా 28 రోజులు ఉండాలి, ఆ స్టేట్‌మెంట్ దరఖాస్తు నాటికి 31 రోజుల కన్నా పాతదై ఉండకూడదు. టీబీ పరీక్ష సర్టిఫికెట్ 6 నెలలే చెల్లుతుంది. పూర్తి ఖర్చు భరిస్తామని ప్రభుత్వం రాసిచ్చిన స్పాన్సర్‌షిప్ లేఖ ఉంటే అక్కడ బ్యాంకు బ్యాలెన్స్ చూపాల్సిన పని లేదు. మన శాఖల నుంచి అలాంటి లేఖే కావాలని అడగండి.

తరగతులు మొదలయ్యే తేదీ దాటేదాకా చూడకండి. నెల ముందే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి రాయండి. ఆలస్యంగా చేరడానికి చివరి తేదీ ఏది, తర్వాతి సెమిస్టర్‌కు సీటు మారుస్తారా, కట్టిన డిపాజిట్ నిలుస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. అమెరికా విషయంలో అదే సెవిస్ నంబర్‌పై ఐ-20 తేదీ మారిస్తే 350 డాలర్ల సెవిస్ ఫీజు మళ్ళీ కట్టక్కర్లేదు.

సోషల్ మీడియా గురించి భయంతో పాత పోస్టులన్నీ తుడిచేసుకుంటున్న మన విద్యార్థుల్ని చూశాను. ఏది ఉంచాలో ఏది తీయాలో మీ ఇష్టం. అమెరికా దరఖాస్తులో గత 5 ఏళ్ళలో వాడిన ఖాతాలు అడుగుతారు, వాటిని మాత్రం దాచకండి. దాచినట్టు తేలితే ఆలస్యం కాస్తా తిరస్కారం అవుతుంది. ఖాతాలో చూపించడానికి నెల రోజులు డబ్బు వేసి తీసుకుంటామనే కన్సల్టెన్సీల మాట కూడా వినకండి. దొరికితే ఆ మచ్చ ఏళ్ళ తరబడి మీ పేరు మీద ఉంటుంది, వాళ్ళ పేరు మీద కాదు.

ఇక్కడి ఆఫీసుల్లో ఆగిన ఫైలుకు సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫైలు ఏ తేదీన ఎవరి బల్ల మీదకు వచ్చిందో అడగండి. చాలాసార్లు జవాబు కన్నా ముందు ఫైలే కదులుతుంది. విదేశాల్లో ఆగిన వాటికి అక్కడి మార్గాలున్నాయి. జర్మనీలో 3 నెలలు నిర్ణయం లేకపోతే పరిపాలనా కోర్టుకు వెళ్ళవచ్చు. అమెరికా, కెనడా కోర్టుల్లో మాండమస్ ఉంది. ఇవి ఖర్చుతో కూడినవి. అక్కడ స్థిరపడిన మన సంఘాలు ఏడాదికి ఒకసారి జయంతి సభలు పెట్టడంతో పాటు ఒక న్యాయ సహాయ నిధి పెడితే ఎంత బాగుంటుంది!

ప్రభుత్వాలను అడగాల్సినవి మూడే. ఒకటి, వీసా దరఖాస్తుకు ముందే పనికొచ్చే స్పాన్సర్‌షిప్ లేఖ ఇవ్వాలి. రెండు, మొదటి విడతలో కొంత భాగం వీసాకు ముందే విద్యార్థి, ప్రభుత్వం పేర్లతో ఉన్న ఉమ్మడి ఖాతాలో వేయాలి. వీసా రాకపోతే వెనక్కి తీసుకోవచ్చు, ప్రభుత్వానికి నష్టం లేదు. మూడు, వీసా ఆలస్యం వల్ల సెమిస్టర్ మారితే స్కాలర్‌షిప్ రద్దు కాకుండా ఏడాది పాటు నిలిచి ఉండాలి. వందేళ్ళ కిందట బాబాసాహెబ్‌కు లండన్ నాలుగేళ్ళు ఇచ్చింది. ఆయన పేరు పెట్టుకున్న పథకం ఆయన పిల్లలకు ఒక్క ఏడాది ఇవ్వలేదా?

ఆ నాగర్‌కర్నూల్ కుర్రవాడి స్టేటస్ అక్టోబర్‌లో మారింది. వీసా వచ్చింది, కానీ ఆ సెమిస్టర్ పోయింది. యూనివర్సిటీ సీటును జనవరికి మార్చింది. వెళ్ళే ముందు రోజు ఫోన్ చేసి చెప్పాడు, "ఐదు నెలల వడ్డీ 1,20,000 అయిందక్కా. మొదటి విడత రాంగనే ముందు అది కట్టాలె." ప్రభుత్వం చదువుకని ఇచ్చే 10 లక్షల్లో 1,20,000 చదువుకు పోవడం లేదు. ఆ డబ్బు ఎవరి దగ్గరికి పోతుందో శాఖలకు తెలుసు. విడత తేదీ మారిస్తే అది మన పిల్లల దగ్గరే ఉంటుంది.